తోక లేని విమానం

క్వారీ అడుగున శవం బోర్లా పడి ఉంది. కాస్త అవతల, ముక్కు నుజ్జునుజ్జయిన ఫ్లయింగ్ వింగ్, తోక లేని బుల్లి విమానం.

ఉదయం ఏడున్నర. ఇన్‌స్పెక్టర్ రెండింటినీ చూశాడు. ఏమీ అనిపించలేదు. పెంచి పెద్ద చేసిన అక్క పోయి రెండు వారాలైంది. అప్పట్నుంచీ అతనికి ఏదీ అనిపించడం లేదు. ఏడుపు రాలేదు, ఆకలీ అంతంతమాత్రమే, డ్యూటీకి మాత్రం టంచనుగా వస్తున్నాడు. గుండె దిటవుగల మనిషని స్టేషన్లో అందరూ మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోనివ్వండి, మనదేం పోయింది!

పోయినవాడు ఫ్రిజ్ మెకానిక్. అందరూ గద్ద అని పిలుస్తారు. సెలవు దొరికితే చాలు, సొంతంగా చేసిన బుల్లి విమానమేదో ఒకటి గాల్లోకి వదిలి మెడ నొప్పెట్టేదాకా చూస్తూ నిలబడతాడు గనక.

పైన అంచున కూలబడి ఉన్నవాడు అతని బావమరిది. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. రిమోట్ ఇంకా చేతిలోనే ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు లాగితే గానీ వదల్లేదు.

"ఏం జరిగింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బావ చేత్తో విసిరాడు సార్. విసరగానే ముక్కు కిందికి పెట్టేసింది. పట్టుకుందామని ముందుకు ఉరికాడు. అంతే."

"నువ్వెక్కడున్నావ్?"

"పక్కనే."

"ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు సార్."

హెడ్ కానిస్టేబుల్ మీసం దువ్వుకున్నాడు. అతని లెక్కలో కేసు అక్కడితో తేలిపోయింది.

తేలకేం చేస్తుంది? బావా బావమరుదులకు నెల్లాళ్ళుగా క్షణం పడటం లేదని వీధి వీధంతా చెప్పింది. ఏ ఆస్తి తగాదానో అయితే అర్థం ఉంది. విమానానికి తోక ఉండాలా వద్దా అని! బుల్లి విమానాల క్లబ్బు పోటీలో ఒకే ఛార్జింగ్ మీద నాలుగు గంటలు ఎగరాలి. పొడుగాటి సన్న రెక్కలూ, వెనక తోకా ఉన్న విమానమైతే ఒడుదుడుకుల్లేకుండా ఎగురుతుందని బావమరిది. గద్ద ససేమిరా అన్నాడు. తోకా వద్దు, మధ్యలో డొక్కా వద్దు, మొత్తం ఒకటే రెక్క. బరువు తగ్గుతుంది, గాలి అడ్డం తగ్గుతుంది, అదే బ్యాటరీ ఇంకాసేపు వస్తుంది. కంచాల ముందు కూర్చున్నా ఇదే గోల.

గద్ద భార్య కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. వంకరపోయిన ఫ్రేములు సరిచేయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి గోడకేసి చూస్తూ కూర్చుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆ చూపు అతనికి తెలుసు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తున్నదే.

"మా తమ్ముడే తోసి ఉంటాడు," అంది. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "ఆయన చేతిలో ఆ విమానం ఒక్కసారీ కూలలేదు. రాసుకోండి, సంతకం పెడతాను."

"సొంత తమ్ముడు కదమ్మా."

"సొంత తమ్ముడే. అమ్మ పోయాక నేనే పెంచాను. ఇక వాడు నా గడప తొక్కడానికి వీల్లేదు."

సంతకం పెట్టింది.

మర్నాడు పదిగంటలకు విరిగిన వింగ్ స్టేషన్ టేబుల్ మీద ఉంది. ఇన్‌స్పెక్టర్ గద్ద ఫోన్లోని పాత వీడియోలు ఒక్కొక్కటే చూశాడు. ప్రతి దాంట్లోనూ ఒకటే సంగతి. రెక్క వెనక అంచున రెండు పక్కలా కదిలే పలకలుంటాయి. చేతిలోంచి వదలకముందే ఆ పలకలు రెండూ బియ్యపు గింజంత పైకి లేచి ఉన్నాయి. టేబుల్ మీద ఉన్న దానికి లేవు. బల్లపరుపుగా ఉన్నాయి.

బావమరిదిని పిలిపించాడు.

"ఈ పలకలు పైకెందుకు లేపుతారు?"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తోక లేదు కద్సార్. ముక్కును పైకి పట్టి ఉంచేది ఆ కాస్త ఎత్తే. అది లేకపోతే తలకిందులుగా దిగిపోతుంది."

"మరి వీటినెవరు చదును చేశారు?"

హెడ్డు రెండుసార్లు దగ్గాడు.

"నేనే సార్."

"ఎందుకు?"

"ఒకసారి కూలితే బావ దారికొస్తాడని. తోక పెడతాడని."

"దేంతో విప్పావ్?"

"నా స్క్రూడ్రైవర్‌తోనే. మీరు జేబులోంచి తీసుకున్నారే, అది."

"ఒప్పేసుకున్నాడు సార్!" హెడ్డు మొహం చాటంతయింది.

ఇన్‌స్పెక్టర్ ఆ స్క్రూడ్రైవర్ తెప్పించాడు. పలకను పట్టి ఉంచే సన్న కడ్డీ దగ్గర ఆవగింజంత స్క్రూ ఉంది. దాని గాడిలో మొన పెట్టి చూశాడు. దూరలేదు. ఇంకోవైపు దాంట్లోనూ దూరలేదు.

"జీపు తియ్యండి," అన్నాడు.

గద్ద ఇంటి ముందు గదిలో గోడకు ఇంకో ఫ్లయింగ్ వింగ్ వేలాడుతోంది, పాతది. ఇన్‌స్పెక్టర్ దాన్ని దించి, గద్ద భార్య ఫ్రేములు బాగుచేసే టేబుల్ మీద పెట్టాడు. బావమరిది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆవిడ వాడి వైపు చూడలేదు.

"ఇది స్టేషన్‌కి తీసుకెళ్ళాలమ్మా. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూడండి."

ఆవిడ కూర్చుంది. టేబుల్ మట్టానికి వంగి, ఒక కన్నుతో గురి చూస్తూ రెండో కన్ను మూసింది. కళ్ళజోడు చూసినట్టే చూసింది. వెనక పలకలు కాస్త లేచి ఉన్నాయి. చెయ్యి దానంతటదే పెట్టెలోకి వెళ్ళింది. సూదంత స్క్రూడ్రైవర్ తీసింది.

"అక్కా! ముట్టుకోకు!"

ఆ కేకకు హెడ్డు ఉలిక్కిపడ్డాడు. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ మెల్లగా ఆ స్క్రూడ్రైవర్ అందుకుని, స్క్రూ గాడిలో పెట్టాడు. ఇట్టే దూరింది.

"పలకలు చదును చేసి విమానం కూల్చింది తనేనని మీ తమ్ముడు ఒప్పుకున్నాడు, కానీ అతని స్క్రూడ్రైవర్ ఇందులో పట్టదమ్మా. పైగా విమానం పాడుచెయ్యాలనుకున్నవాడు ఓ పక్క స్క్రూ వదులు చేసి ఊరుకుంటాడు. ఆ విమానానికి రెండు పక్కలా పలకలు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసి, మళ్ళీ గట్టిగా బిగించి ఉన్నాయి. ఎవరో ఎంతో శ్రద్ధగా బాగుచేశారు."

ఆవిడకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"ఆయన రాత్రే అన్నీ చూసుకుని, దానికి దుప్పటి కప్పి పడుకుంటాడు," అంది ఎటో చూస్తూ. "దుప్పటి జారితే సర్దబోయాను. రెండూ లేచి ఉన్నాయి. క్లబ్బులో నలుగురూ చూస్తారు కదా, వంకరగా ఉంటే బాగోదని... నిద్ర లేపడమెందుకని చెప్పలేదు."

"నేనూ చూసుకోలేదక్కా," అన్నాడు బావమరిది. "గాలి పెరిగేలా ఉంది, కానీరా అన్నాడు బావ. రిమోట్ తిప్పితే పలకలు కదిలాయి, చాల్లే అనుకున్నా. కిందికి దిగి ముక్కలు చూశాక తెలిసిపోయింది, అంత నీటుగా చేసేది నువ్వేనని."

"తెలిసీ నీ నెత్తిన వేసుకున్నావా?" అంది ఆవిడ.

వాడు గుమ్మం దాటబోయి ఆగాడు.

"నిన్ను లోపలేస్తే ఆవిడకి మిగిలేదెవరోయ్?" ఇన్‌స్పెక్టర్ కసిరాడు. చాన్నాళ్ళకు కోపమొచ్చింది అతనికి. అది వాడి మీదో, తన మీదో తెలియలేదు.

"నన్ను తీసుకెళ్ళండి," అంది ఆవిడ.

"ఇందులో నేరం లేదమ్మా. ప్రమాదమని రాస్తాను."

"నేరమైనా బాగుండేది."

హెడ్డు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "చచ్చేదాకా నిన్ను తిట్టుకుంటూ బతికేదాన్ని కదరా."

"అదే నీకు తేలికనుకున్నా."

లోపలికొచ్చి కూర్చోమని వాడికి కుర్చీ చూపించింది. ఆ తర్వాత, "ఏమైనా తిన్నావా?" అంది.

వాడు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి కంచం తెచ్చింది. వాడి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఆయన చివర్న ఏమన్నాడు?"

"నాతో ఏమీ అనలేదక్కా. విమానంతోనే అన్నాడు. 'ఏమైందే నీకు?' అన్నాడు."

"అంటే చేసింది నేనని ఆయనకి తెలీదు."

"తెలీదు."

ఆవిడ తలూపింది. కంచం వాడి వైపు ఇంకాస్త జరిపింది.

"తిను."