చివరింటి నిలువుటద్దం

చీకటి పడ్డాక ఆ సందులో చివరింటి ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. చుట్టు తిరిగైనా పెద్ద రోడ్డు మీద నుంచే పోయేవారు. ఆ ఇంట్లో ఉండే కవల అక్కాచెల్లెళ్ళు బస్సు ప్రమాదంలో పోయారనీ, ఇల్లు ఖాళీ అనీ, అయినా రాత్రి ఎనిమిదింటికి కిటికీలో దీపం వెలుగుతుందనీ... ఆ వెలుగులో తల లేని ఆడమనిషి కోటు తొడుక్కుంటుందనీ చెప్పుకునేవారు.

సందు మొదట్లో ఇస్త్రీ బండి ఆయన కళ్ళారా చూశాడట. మూడు రోజులు జ్వరం. పని ఎక్కువైనా ఆయనకి జ్వరం వస్తుంది, అది వేరే సంగతి.

కానీ మా బాబాయి చూశానంటే నమ్ముతాను. నలభై ఏళ్ళుగా ఇళ్ళకీ కొట్లకీ అద్దాలు బిగించిన మనిషి. ఆయన చెప్పిందే చెబుతున్నాను.

ఆ రాత్రి బట్టల కొట్టుకి నిలువుటద్దం ఒకటి మోసుకెళ్తున్నాడు. పెద్ద రోడ్డు తవ్వేసి ఉంది. వేరే దారి లేక సందులోకి తిరిగాడు.

చివరింటి కిటికీలో దీపం వెలిగింది.

తెల్ల కోటు... రెండు చేతులు ఒక్కొక్క బొత్తామే పెట్టుకుంటున్నాయి... మెడ దగ్గర ఆగిపోయింది మనిషి. ఆ పైన ఉత్త గోడ.

పరుగెత్తుదామంటే భుజాన అద్దం. వదిలితే ముక్కలు, పట్టుకుంటే కాళ్ళు కదలవు. అలాగే చూస్తూ నిలబడ్డాడు. చూడగా చూడగా — కోటు పైజేబు ఆ మనిషికి కుడివైపు ఉంది. ఏ దర్జీ అలా కుట్టడు. అద్దంలో తప్ప జేబు అటు పోదు. అంటే ఎవరో కిటికీ పక్క గోడవార నిలబడ్డారు, కనబడేది ఎదుటి గోడకున్న అద్దం.

బాబాయికి భయం పోయి కోపం వచ్చింది. ఎవడో తలమాసినవాడు అద్దాన్ని జానెడు కిందకి బిగించాడు. మోస్తున్నదాన్ని గోడకి ఆనించి తలుపు తట్టాడు.

తీసింది పాతికేళ్ళ అమ్మాయి, తలతో సహా. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు.

"అద్దాలు బిగించేవాణ్ణమ్మా. నీ అద్దం బాగా కిందకుంది. పైకెత్తి పెడతాను, ఎంతసేపు."

"వద్దండీ," అంది మెల్లగా. "నేనే అలా పెట్టించుకున్నాను. యూనిఫాం సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. మొహం కనబడకూడదు."

"అదేంటమ్మా?"

"బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. అక్క పోయింది, నేను మిగిలాను... ఇద్దరిదీ ఒకటే మొహం."

ఏడాదిగా జడ తడుముకునే వేసుకుంటోందట. తనని చూసి జనం ఉలిక్కిపడుతున్నారని పెరటి దారినే వెళ్ళి వస్తోందట. ఆ పిల్లని దెయ్యం అనుకున్నందుకు బాబాయికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఒక్కటి చెప్పండి," అంది. "అద్దం దగ్గరకెళితే మొహం కనిపిస్తుందా? భయమేసి నేనెప్పుడూ ఆ కిటికీ పక్క గోడ వదిలి రాలేదు."

"దగ్గరైనా దూరమైనా ఒకటేనమ్మా. నిటారుగా నిలబడ్డంతసేపూ మెడ దాటి కనబడదు. అద్దం గుణమే అంత."

ఆ మాట పట్టుకుని, బాబాయిని లోపలికి రమ్మని, మొదటిసారి అద్దం దగ్గరకి వచ్చింది. ఒక స్క్రూ వదులైందనీ, అదే ఎత్తులో బిగించి పెట్టమనీ అడిగింది. బాబాయి ఒక చేత్తో అద్దాన్ని అదిమిపట్టి, ఇంకో చేత్తో తిప్పబోయాడు. స్క్రూ జారి కింద పడింది. ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.

తీసిద్దామని ఆ అమ్మాయి వంగింది.

వంగింది వంగినట్టే ఉండిపోయింది.

అద్దంలో మొహం... ఎదురుగా, ఊపిరి తగిలేంత దగ్గర్లో. కళ్ళ కింద నలుపు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

ఆ పిల్ల చేయి చాపి అద్దంలోని చెంప తడిమింది.

"అక్కా..." గుసగుసగా అంది. "ఎంత చిక్కిపోయావే. అన్నం తినట్లేదా నువ్వు?"

బాబాయి అద్దాన్ని వదలకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.