సింహానికి తోక ఎవరు పెట్టాలి?

"ఐ హావ్ ఎ లాట్ ఆన్ మై ప్లేట్," అని ఇంగ్లిష్ టీచర్ బోర్డు మీద రాశారు. "పనులన్నీ మీద పడి ఊపిరాడనప్పుడు ఇలా అంటారు. ఎవరు వాడి చూపిస్తారు?"

హడావుడి లేచి నిలబడింది. ఐదో తరగతిలో ఆ పిల్లని అసలు పేరుతో ఎవరూ పిలవరు.

"నాకా మాటతో పనే పడదు టీచర్!" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది.

మర్నాడే ఐదో తరగతి వాళ్లు ఒకటో తరగతి పిల్లలకి బొమ్మలాట ఆడి చూపించాలి. కథ రాయడం, తెర కట్టడం, సింహం బొమ్మ చేయడం, దానికి గొంతివ్వడం అన్నీ హడావుడే నెత్తిన వేసుకుంది. పక్క బెంచీలో, అందరూ 'నిదానం' అని పిలిచే కుర్రాడు, "కనీసం తోకైనా నన్ను చెయ్యనీవే," అని బతిమాలాడు.

"నువ్వు మొదలుపెట్టేసరికి సింహం ముసలిదైపోతుంది," అంది హడావుడి.

ఆ మధ్యాహ్నమే రిహార్సల్‌లో తెర ఊడి కింద పడింది. సింహానికి కళ్లూ లేవు, తోకా లేదు. కిటికీలోంచి తొంగిచూసిన ఒకటో తరగతి బుడుగొకడు, "అది బంగాళాదుంపా?" అని అడిగాడు.

టీచర్ నవ్వలేదు. "రేపు పొద్దున్నకి అన్నీ సిద్ధమైతేనే ఆట. లేకపోతే మానేద్దాం," అన్నారు.

సాయంత్రం హడావుడి, అమ్మ నడిపే టైలరింగ్ షాపులో ముఖం ముడుచుకుని కూర్చుంది. ఒకావిడ కర్టెన్ల బట్ట తెచ్చింది.

"ఇప్పుడు చేతినిండా పనుందండీ," అంది అమ్మ. "ఇవీ తీసుకుంటే అన్నీ ఆలస్యమవుతాయి. పక్క షాపు అక్క బాగా కుడుతుంది, అడగండి."

ఆవిడ సరేనని వెళ్లిపోయింది.

"నీకు చేతకాదనుకోదా అమ్మా?"

"ఒప్పుకుని ఎగ్గొడితే అనుకుంటుంది," అంటూ అమ్మ మిషన్ తొక్కసాగింది.

హడావుడికి సిగ్గేసింది. ఆట ఆగిపోతే ఆ చిన్నపిల్లలు ఎంత చిన్నబుచ్చుకుంటారో తలచుకుంటే ఏడుపొచ్చింది. అమ్మకి చెప్పి, సింహాన్ని చంకన పెట్టుకుని నిదానం వాళ్లింటికి పరుగెత్తింది.

"ఐ హావ్ ఎ లాట్ ఆన్ మై ప్లేట్," అంది గుమ్మంలోనే, రొప్పుతూ. "నిజంగానేరా. అన్నీ నావల్ల కావట్లేదు. తోకా, కళ్లూ నువ్వు పెడతావా?"

నిదానం లోపలికెళ్లి గమ్ సీసా తెచ్చాడు. నాలుక బయటపెట్టి, మెల్లగా తోక అతికించాడు. అది కాస్త పక్కకి ఒరిగింది.

సరిచేద్దామని హడావుడి చేతులు ముందుకెళ్లాయి. చటుక్కున వాటిని వెనక్కి కట్టుకుంది.

"బాగుంది," అంది. "ఇక కళ్లు పెట్టు. నేను తెర సంగతి చూస్తా."