వకీలు గుమాస్తా కూతురు

బుక్కరాయసముద్రంలో ఆ పొద్దున కుళాయి నీళ్లు వచ్చాయి. తిప్పమ్మ బిందెలతో సతమతమవుతుంటే, ఆమె భర్త బాలప్ప అరుగు మీద కూర్చుని, కూతురు సారా తెచ్చి తన ముందు పెట్టిన భాగస్వామ్య ఒప్పందం కాగితాల వంక గుర్రుగా చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు అనంతపురం కోర్టులో వకీలు గుమాస్తాగా చేసిన మనిషికి కాగితమంటే భయమేముంది? ఆయన భయమంతా కూతురి మొండితనమంటేనే.

"నల్లకోటు లేకుండా పార్ట్‌నరు యాడన్నా ఉండాదా? లా చదవమంటే చదవకపోతివి. ఎనిమిదేండ్లు ఆ ఇంద్రాణమ్మ ఆఫీసులో ఒప్పందాలు రాసినావు. గుమాస్తా పనే గదా అది!"

"మాది కోర్టుకు పోయే ఆఫీసు కాదు నాయనా. రాయదుర్గం కుట్టు యూనిట్లకు ఒప్పందాలు రాస్తాం, లైసెన్సులు తెప్పిస్తాం. ఇంద్రాణి మేడం కూడా వకీలు కాదు. సగం వాటా ఇస్తాంటే వద్దంటావా? పదకొండుకు సంతకాలు. నువ్వు సాక్షిగా రాకుంటే నేనూ పెట్టను."

"పెట్టొద్దు పో! పని నీది, పేరు ఆయమ్మది. నా బతుకు అట్లనే పోయింది, నీదీ పోవల్లనా?"

తిప్పమ్మ బిందె ఠక్కున దించింది. "ఊరందరి కాగితాలూ చదివినావు. కన్నబిడ్డవి చదవకుండానే అరుస్తాండావే!"

ఆ మాట సూటిగా తగిలింది. బాలప్ప కళ్లజోడు పెట్టుకుని, అలవాటు చొప్పున చివరి పేజీ నుంచి మొదలుపెట్టాడు. మోసం ఎప్పుడూ చివర్లోనే దాక్కుంటుందని ఆయన నమ్మకం. ఒక్కో షరతు మీద వేలు పెట్టి వెనక నుంచి ముందుకు వెతికాడు. ఇద్దరి సంతకాలు లేనిదే ఏ నిర్ణయమూ చెల్లదట. బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉంటాయట. మోసం దొరకలేదు, దొరకనందుకు కాస్త కోపం కూడా వచ్చింది.

మొదటి పేజీలో వేలు ఆగిపోయింది.

'వకీలు గుమాస్తా బాలప్ప గారి కుమార్తె సారా, రెండవ భాగస్వామి.'

"నా పేరు చాలు గదమ్మా," అన్నాడు. "గుమాస్తా అని ఎందుకు రాసినావు? పెద్దోళ్లు చూస్తారు."

"చూడల్లనే రాసినా. నువ్వు వకీలుకు రాసిచ్చే చిత్తు ప్రతులు ఈ అరుగు మీదనే నాతో చదివించినావు. నా చదువు అదే నాయనా. వాటి కింద నీ పేరు ఒక్కసారన్నా చూసినానా?" సారా ఏడ్చేసింది.

పదకొండుకు ఇంద్రాణి ఆఫీసులో బాలప్ప తలుపు పక్కన నిలబడ్డాడు. వకీలు గదిలో ముప్పై ఏళ్లు ఆయన చోటు అదే. సారా వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆయన సాక్షి సంతకం నిదానంగా చేశాడు. కింద వృత్తి అని ఉన్నచోట గుండ్రటి అక్షరాలతో 'వకీలు గుమాస్తా' అని రాసి, కాగితం కూతురి వైపు తిప్పాడు.

"ఇంగ నువ్వు పెట్టు, పార్ట్‌నరమ్మా," అన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.