రాతి కాళ్లూ మూడాకుల పచ్చికా

వీరగట్టు రాజ్యంలో పిల్లలు ఆడుకోవడం మానేశారు. ఆడితే కాళ్లు రాయి అవుతున్నాయి.

ఇదంతా రాజు రణకేసరి చేసిన పని. కొండ దిగువన ఒక యక్షిణి పెంచుకున్న మూడాకుల పచ్చిక ఉండేది. ఏనుగులకు కవాతు నేర్పడానికి రాజుకు చదునైన నేల కావలసి వచ్చింది. మంత్రి వద్దన్నాడు. రాజు వినలేదు. ఏనుగులు ఒక్క పూటలో పచ్చికను దుమ్ము చేశాయి. యక్షిణి వచ్చి ఆ దుమ్మును గుప్పిట పట్టి గాలిలోకి ఊదింది.

“ఈ దుమ్ము పడిన ముంగిళ్లలో ఆడే పిల్లలకు కాళ్లు రాయి అవుతాయి. రాయి మెల్లగా పైకి పాకుతుంది. ముంగిలి నిండా మూడాకుల పచ్చిక పరుచుకుంటేనే విడుదల. ఎక్కడినుంచో పెళ్లగించి తెచ్చి అతికిస్తే చెల్లదు. ఆ ఇంటివాళ్లే విత్తి పెంచాలి” అని చెప్పి మాయమైంది.

తప్పు చేసింది రాజు. నిలబడిపోయింది పిల్లలు. అందరికంటే ముందు రాయి పట్టింది గొర్రెల కాపరుల వాడలో ఉండే ఓబులేసుకు. ముంగిట్లో గోలీలాడుతూ లేచి నిలబడ్డాడు, మళ్లీ కదలలేకపోయాడు. తల్లీ తండ్రీ పోయిన ఇల్లు. అక్క సుంకులమ్మ, ముసలి అవ్వ, కాసిని గొర్రెలు, అంతే.

రాజు చాటింపు వేయించాడు. వీరులు కత్తులు తిప్పుకుంటూ బయలుదేరారు. గడ్డి విత్తనం కోసం వెళ్లినవాడికి పేరేం వస్తుందని సగం మంది దారిలోనే తిరిగి వచ్చేశారు. మిగిలినవాళ్లు అసలు తిరిగే రాలేదు. తమ్ముడి మోకాళ్లకు రాయి చేరిన రోజున సుంకులమ్మ గొంగడి భుజాన వేసుకుని, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర నడుముకు దోపుకుంది.

“నేనొచ్చేదాకా యాడికీ పోవాకు” అంది తమ్ముడితో.

“పోతా పోతా ఎగతాళి గూడానా అక్కా” అన్నాడు ఓబులేసు. ఇద్దరూ నవ్వలేదు.

అడవి దారి ఎండిపోయి ఉంది. నడిచి నడిచి సుంకులమ్మ అరికాళ్లు పగిలాయి. వాగు దాటే చోట ఒక రాక్షసుడు అడ్డంగా కూర్చుని ఉన్నాడు. వాడి జుట్టు జడలు కట్టి, పల్లేరు కాయలు అతుక్కుని, గడ్డివామంత ఉంది.

“నిన్ను తినేస్తా” అన్నాడు రాక్షసుడు.

సుంకులమ్మ అక్కడే బండమీద చతికిలబడింది. “తింటే తిను. లేసి నిలబడమని మాత్రం సెప్పొద్దు.”

“భయం లేదా నీకు?”

“భయపడేదానికి ఓపిక లేదు.”

రాక్షసుడు చిరాకు పడ్డాడు. వణికేవాళ్లను తినడమే వాడికి అలవాటు. వణకని మనిషిని ఎక్కడ కొరకాలో తోచక బరబర తల గోక్కున్నాడు. సుంకులమ్మ ఆ తలవైపు కాసేపు చూసింది. పట్టించుకోని గొర్రె ఒంటిమీద బొచ్చు ఇలాగే ఉంటుంది.

“ఎన్నాళ్లయింది కత్తిరించుకొని?”

“ఎవరు కత్తిరిస్తారు? దగ్గరికి వచ్చినవాళ్లనల్లా తినేస్తిని.”

“తల వంచు. కదిలితే సెవి తెగుతాది, మళ్లా నన్ననాకు.”

పొద్దు వాలేదాకా కత్తిరించింది. పల్లేరు కాయలు ఏరింది, నెత్తురు తాగే గోమార్లు పీకింది. రాక్షసుడు మొదట బుసలు కొట్టాడు, తర్వాత గొర్రెపిల్లలా కళ్లు మూసుకున్నాడు. పని అయ్యాక ఆమెను అరచేతిలో కూర్చోబెట్టుకుని వాగు దాటించి, అవతల ఒక ముని ఉన్నాడనీ, ఆయనకు తెలియనిది లేదనీ చెప్పాడు.

ముని పుట్టలో మెడదాకా కూరుకుని ఉన్నాడు. కళ్లు తెరవకుండానే మాట్లాడాడు. “ఒక్క ప్రశ్న. ఆలోచించుకుని అడుగు.”

“మూడాకుల పచ్చిక విత్తనం యాడ దొరుకుతాది సామీ?”

“మంచుకొండ నీడలో చల్లని లోయ ఉంది. అక్కడ తేనెటీగల రాణి కాపలా. ఇంతకీ ఎలా పెంచాలో అడగవేం?”

సుంకులమ్మ మూతి విరిచింది. “గడ్డి సంగతి గొర్రెలోళ్లకు ఒకరు సెప్పాల్నా సామీ?”

“సరే, పో” అన్నాడు ముని. ఆ గొంతులో ఏదో ఉంది. ఆమె అది పట్టించుకోలేదు.

లోయలో అడుగు పెట్టగానే కాళ్ల మంట చల్లారింది. ఎటు చూసినా చీలమండలంత ఎత్తు పచ్చిక. కాడకు మూడేసి గుండ్రటి ఆకులు, మధ్య మధ్య దూదిపింజల్లాంటి తెల్లని పూలు. దూడంత తేనెటీగ ఒకటి ఆమె ముఖం ముందు వచ్చి ఆగింది.

“ఎండిన పూలలోనే విత్తనం ఉంటుంది. ఏరుకో” అంది రాణి ఈగ. “పచ్చి పువ్వు ఒక్కటి నలిగినా నా వాళ్లంతా కుడతారు. ఇక్కడ నిలబడి నడవడానికి చోటు లేదు.”

సుంకులమ్మ మోకాళ్లమీద, మోచేతులమీద పాకుతూ ఏరింది. ఎండిన పువ్వు నలిపితే గసగసాలంత గింజలు రాలేవి. రోజంతా ఏరితే చిటికెడు. మోకాళ్లు గీరుకుపోయాయి. నడుము మళ్లీ నిటారుగా అవుతుందన్న నమ్మకం పోయింది. కుడితే కుట్టనీ అని ఒకటి రెండు సార్లు అనుకుంది కూడా. చివరికి దోసిలి నిండాక రాణి ఈగ పక్కకు తప్పుకుంది.

ఇంటికి చేరేసరికి ఓబులేసుకు నడుందాకా రాయి.

సుంకులమ్మ కూర్చోలేదు. కాపరులకు నేలంటే తెలిసింది ఒక్కటే, మంద కట్టడం. ఏ రైతైనా పొలం బలం పుంజుకోవాలంటే వాళ్ల మందనే పిలుస్తాడు. గొర్రెలు అక్కడ పడుకుంటాయి, పెంటికలు వేస్తాయి, చేను ఏపుగా పండుతుంది. ఆమె కూడా తమ్ముడి చుట్టూ ముంగిట్లో మంద కట్టింది. తర్వాత మట్టి తిరగేసి సగం విత్తనం చల్లి, ఉలవలు పూడ్చినట్టు లోతుగా పూడ్చింది.

నేల బలిసింది. తుంగ లేచింది, గరిక లేచింది, పల్లేరు పాకింది. వాటి అడుగున వెతికితే మూడాకుల మొలక ఒక్కటి లేదు. లోతుగా పడిన గింజలు పైకి రాలేక చచ్చాయి. పైన పడినవాటిని కలుపు మింగింది. ఓబులేసు ఛాతీ రాయి అయింది.

“మంద కట్టి సెడిన నేల మన వంశంలో లేదు గదే” అంది అవ్వ.

“ఇప్పుడుంది” అంది సుంకులమ్మ.

ముని గొంతులో ఉన్నదేమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇక ఎవరినీ అడిగే వ్యవధి లేదు. గుమ్మంలో కూలబడి లోయను తలుచుకుంది. అక్కడ పెంట లేదు, గులకమట్టి. గింజలను పూడ్చినవాడు లేడు, రాలిన చోటే మొలిచాయి.

మర్నాడు కలుపు వేళ్లతో సహా పీకింది. పెంటికలు పడిన మట్టినంతా చెక్కి తట్టలతో అవతల పోసింది. అడుగు నేలను పైపైన గీరి, రాళ్లు ఏరి చదును చేసింది. మిగిలిన విత్తనంలో పొడి ఇసుక కలిపింది, గింజ మరీ చిన్నది కాబట్టి ఒకచోట కుప్పపడకుండా. తూర్పునుంచి పడమరకు సగం చల్లింది, దక్షిణంనుంచి ఉత్తరానికి మిగతా సగం. పైన మట్టి కప్పలేదు. గింజ నేలకు అంటుకునేలా గొర్రెలను ఒక్కసారి మెల్లగా తోలి, వెంటనే బయటికి తరిమి ముళ్లకంప అడ్డం పెట్టింది. గింజలు కొట్టుకుపోకుండా వేపమండ నీళ్లలో ముంచి చిలకరించింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే పని. నేల తడి ఆరనివ్వలేదు.

ఓబులేసు మెడకు రాయి చేరింది. “అక్కా, కింద ఏందో పచ్చగా ఉండాది” అన్నాడు. అదే వాడి ఆఖరి మాట. మర్నాటికి పెదవులు రాయి.

సుంకులమ్మ వంగి చూసింది. మొలకలే. కానీ ఒక్కో మొలకకు రెండే ఆకులు. కొన్నాళ్లకు మధ్యనుంచి ఇంకొక ఆకు వచ్చింది, ఒంటరిగా, గుండ్రంగా. మూడు కాదు.

“ఇది కూడా కలుపే” అంది అవ్వ ఏడుపు మింగుకుంటూ. “పీకెయ్యి మే. మంచి గింజలేమన్నా మిగిలుంటే వాటికన్నా చోటుంటాది.”

సుంకులమ్మ మొలకల మీదికి చెయ్యి చాచింది. ఎందుకో తల ఎత్తి తమ్ముణ్ణి చూసింది. వాడికి కళ్లే మిగిలాయి. వేరే పని లేక పొద్దస్తమానం ఆ నేలనే చూస్తున్న కళ్లు. అవి కుడివైపుకి తిరిగాయి, ఎడమవైపుకి తిరిగాయి. వద్దు. మళ్లీ అదే. వద్దు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నమ్మకం కలిగి కాదు. పీకే ఓపిక కూడా లేదు, వాడి మాట కొట్టెయ్యాలనీ లేదు. వేపమండ అందుకుని నీళ్లు చిలకరించింది.

ఆ ఒంటరి ఆకు తర్వాత వచ్చిన ఆకు మూడుగా విడింది. పక్క మొలకలోనూ మూడు. ఆ పక్కన కూడా మూడు. కాడలు నేలబారున పాకి, కణుపు కణుపుకీ వేళ్లు దింపి ఒకదానినొకటి అల్లుకున్నాయి. ముంగిట్లో మట్టి కనిపించని పొద్దున ఓబులేసు నుదుటిమీద రాయి పెచ్చుగా ఊడింది. భుజాలు, నడుము, మోకాళ్లు. వాడు దబ్బున పచ్చికమీద పడ్డాడు.

“కాళ్లు తిమ్మిరెక్కినాయి అక్కా” అన్నాడు.

పచ్చిక పూసి, పూలు ఎండే వేళకు రాజు రణకేసరి పల్లకిలో వచ్చాడు. యువరాజుకు నడుందాకా రాయి. విత్తనం ఇచ్చి కోట ముంగిట్లో పచ్చిక పెంచితే కోడలిగా చేసుకుంటానన్నాడు.

“గింజలు అందరికీ ఇస్తా ఉండా, మీగ్గూడా ఇస్తా. పెంచేది మీ చేత్తోనే, శాపం అట్లనే ఉండాది” అంది సుంకులమ్మ. “కోడలి మాట ఎత్తొద్దు. పిల్లోల్ల కాళ్లు పోగొట్టిన ఇంట్లో నేను మెతుకు తినలేను.”

“నన్ను క్షమించలేవా తల్లీ?”

“లేను దొరా. పెంట మాత్రం వెయ్యొద్దు.”

రాజు మోకాళ్లమీద కూర్చుని కలుపు పీకడం నేర్చుకున్నాడు. ఒకసారి గింజలు కుప్పగా పోసి చెడగొట్టుకున్నాడు, మళ్లీ వచ్చి అడిగాడు. ఆమె మళ్లీ ఇచ్చింది. ఆలస్యంగానైనా యువరాజు కాళ్లు కదిలాయి. వీరగట్టులోని ముంగిళ్లన్నీ పచ్చబడ్డాయి. పిల్లలు వాటిమీద పొర్లి ఆడారు.

ఆఖరి పిల్లవాడు కూడా కదిలాడన్న కబురు వచ్చిన రోజున సుంకులమ్మ గొంగడి పరుచుకోకుండా పచ్చికమీదే పడుకుంది. పొద్దెక్కినా లేవలేదు. అవ్వ లేపబోతే ఓబులేసు వద్దన్నాడు. కర్ర తీసుకుని, ముళ్లకంప పక్కకు జరిపి, ఆ రోజు గొర్రెలను వాడే తోలుకుపోయాడు.