మూడో గేరు మీద లోచెవి తీర్పు

2069 నాటికి విజయవాడలో మనిషి నడిపే కార్లు నూట నలభై మిగిలాయి. మిగతావన్నీ తమంతట తామే నడిచేవి, చెడితే తామే రిపేరుకు వెళ్లేవి. ఈ నూట నలభైకీ దిక్కు ఆటోనగర్‌లోని గేర్‌బాక్స్ మెకానిక్ మీరావలి. అరవై ఏడేళ్ల ఆయనకు అంతుపట్టని బండి లేదని పేరు.

ఒక కంపెనీలో ఇంజనీరైన యశోధర తాను కనిపెట్టిన 'లోచెవి' అనే యంత్రాన్ని ఆయన షెడ్డులోనే పరీక్షకు పెట్టింది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ ఒత్తిడే ఒక క్లచ్‌ను వదిలించి ఇంకోదాన్ని పట్టిస్తుంది. గేరు అలా మారుతుంది. ఆ ఆయిల్‌లో ఆమె ఇసుకరేణువంత సెన్సర్లను కలిపేది. అవి మూలమూలలా తిరిగి వేడినీ, ఒత్తిడినీ, చప్పుడునూ బయటి పెట్టెకు చేరవేసేవి. మీరావలి నలభై ఏళ్లుగా రాసుకున్న రిపేరు పుస్తకాలే ఆ పెట్టెకు చదువు.

ఒక బుధవారం ఉదయం రత్నకుమారి టీచరు తన పాత కారుతో వచ్చింది.

"రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఇంజను ఊరికే అరుస్తందండీ. ఆనక ధడేల్‌మని కుదుపు. చల్లగా ఉంటే బానే ఉంటది, వేడెక్కితేనే ఈ గొడవ. శుక్రవారం ఫిట్‌నెస్ పరీక్ష. తప్పితే తుక్కు చేసేస్తారంట. నా చేత్తో నేను నడుపుకునేది ఇదొక్కటేనండీ."

బండిని ఓ చుట్టు తిప్పి తెచ్చాక లోచెవి పలికింది: "మూడో గేరు క్లచ్‌కు ఒత్తిడి ఆలస్యంగా అందుతోంది. గేర్‌బాక్స్ పాడైంది. మార్చాలి."

ఆ మోడల్ గేర్‌బాక్స్ ఇప్పుడెక్కడా దొరకదు. టీచరు మొహం పాలిపోయింది.

"నేనూ అదే అనబోయా," అన్నాడు మీరావలి.

యశోధరకు నమ్మకం కుదరలేదు. "ఆయిల్ శుభ్రంగా ఉంది, క్లచ్ అరిగిన పొడి కూడా లేదు. మరి పాడైందని ఎలా తేల్చావు?" అని పెట్టెను అడిగింది.

"కారణం దొరకని కేసులు పుస్తకాల్లో మూడు వందల పన్నెండు ఉన్నాయి. అన్నిటికీ ఇదే తీర్పు రాసి ఉంది."

మీరావలి చేతిలోని గుడ్డ అలాగే ఆగిపోయింది. బండి యజమాని ఎదురుగా నిలబడి ఆశగా చూస్తుంటే, తెలియదన్న మాట ఆయన నోట ఏనాడూ రాలేదు; గేర్‌బాక్స్ పాడైందనే చెప్పేవాడు. ఎన్ని మంచి గేర్‌బాక్సులు తుక్కులోకి పోయాయో! యశోధర ఆయన వైపు చూడకుండా వైర్లు సర్దుతూ ఉండిపోయింది.

కాసేపటికి ఆయన టీచరు దగ్గరికి వెళ్లాడు. "టీచర్‌గారూ, మీ బండికేమైందో నాకు తెలవట్లేదు. రేపటిదాకా టైమివ్వండి, వెతుకుతా."

"అలాగే, వెతకండి," అంది ఆమె బెంగగా.

మర్నాడు మధ్యాహ్నం దొరికింది. లోపం గేర్‌బాక్సు లోపల లేదు, బయటి వైర్ల కనెక్టర్‌లో ఉంది. సీలు చిట్లి ఆయిల్ పిన్నుల్లోకి పాకింది. వేడెక్కగానే, మూడో గేరు క్లచ్‌కు ఆయిల్ వదిలే వాల్వుకు కరెంటు సరిగా అందడం లేదు. శుభ్రం చేసి కొత్త సీలు వేశాక, గేరు మారిన సంగతే తెలియకుండా మారింది. శుక్రవారం కారు పరీక్ష నెగ్గింది.

ఆ తర్వాత యశోధర లోచెవికి ఒక కొత్త మాట నేర్పి, దేశమంతటా మిగిలిన ఇలాంటి బండ్ల షెడ్లకు అమ్మకానికి పంపింది: "కారణం నాకు తెలియదు. విప్పి చూడండి." ఆర్నెల్లు తిరక్కుండానే సగం పెట్టెలు వెనక్కి వచ్చాయి. తెలియదని చెప్పడానికి మిషనెందుకని కొన్నవాళ్లు దెబ్బలాడారు. కంపెనీ ఆ మాట తీసేయించింది. మళ్లీ అమ్మకాలు జోరందుకున్నాయి.

ఆ చలికాలం మీరావలికి మోకాళ్లు వాచాయి. యశోధరే ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నిదానంగా పరీక్షించి, "ఎందుకు వాచాయో ఇప్పుడే చెప్పలేనండీ. రెండు వారాలు చూద్దాం," అంది.

బయటికి వచ్చి కారులో కూర్చోగానే మీరావలి విసుక్కున్నాడు. "ఏం డాక్టరమ్మో! అంత చదివీ తెలవదంటది. ఇంకెవరైనా మంచి డాక్టరు దగ్గరికి పోనియ్ అమ్మాయ్. ఇదీ నీ జబ్బు అని ఠక్కున చెప్పేవాళ్లుండాలి."