మూడో ఎరుపు

తంగెడుపాలెంలో ఆ రోజు మిరపకి మందు కొడుతున్నారు. అయినా ల్యాబ్‌లో డాక్టర్ సుభాషిణి ముందున్న తెర మీద ఆ ఊరి నూట నలభై చుక్కలూ పచ్చగానే ఉన్నాయి. ఒక్కటైనా రంగు మారలేదు. అది చూసి ఆమెకు సంతోషం కలగలేదు, భయం వేసింది. వెంటనే కారు తీసుకుని బయల్దేరింది.

ఒక్కో చుక్క ఒక్కో రైతు. ప్రతి రైతు మణికట్టుకీ ఆమె తయారుచేసిన పట్టీ ఉంటుంది. పురుగుమందు ఒంట్లోకి చేరితే నరాలను అదుపులో ఉంచే ఎంజైమ్ ఒకటి పడిపోతుంది. ఆ తేడాను పట్టీ చెమటలోనే పసిగట్టి ఎర్రగా వెలుగుతుంది. అలా వెలిగితేనే వ్యాన్ కదులుతుంది, పది నిమిషాల్లో విరుగుడు ఇంజెక్షన్‌తో వచ్చేస్తుంది. ఎవరి చెమటో మాత్రం పట్టీకి తెలియదు.

పట్టీ కట్టుకున్న రైతు కుటుంబాలకే బీమా కంపెనీ పెద్ద ప్లాన్ ఇస్తోంది. ఏడాదిలో మూడుసార్లు ఎరుపు పడితే ఇంటిల్లిపాదినీ చిన్న ప్లాన్‌లోకి దించేస్తుంది. అది కంపెనీ పెట్టిన షరతు. సుభాషిణి దాన్ని ఎప్పుడూ చదవలేదు.

ఊరి మొదట్లో ఒక ఇంటి అరుగు మీద పున్నమ్మ కూర్చుని ఉంది. కాళ్లు వాచి ఉన్నాయి. చేతికి రెండు పట్టీలు.

"ఈ రెండోది ఎవరిదమ్మా?" అని అడిగింది సుభాషిణి.

పున్నమ్మ చెయ్యి కొంగు కింద దాచుకుంది. "మా ఆయనది."

"ఆయనెక్కడ?"

"చేలో. మందు కొడతన్నాడు."

"పట్టీ లేకుండానా?"

"మాకు ఇప్పటికే రెండు ఎర్రలు పడినయ్యి మేడమ్. నాకు కిడ్నీలు పోయినయ్యి. వారానికి రెండుసార్లు డయాలసిస్. చిన్న ప్లాన్‌లో అది లేదంట. అందుకని మందు కొట్టే రోజు పట్టీ నా చేతికి కట్టిపోతాడు."

"ఊళ్లో అందరూ ఇంతేనా?"

"మందు కొట్టే రోజు అందరూ అంతే మేడమ్."

"చేను చూపించు," అంది సుభాషిణి.

పున్నమ్మ మొగుడు కోటిలింగం మిరప సాళ్ల మధ్య బోర్లా పడి ఉన్నాడు. స్ప్రేయర్ ఇంకా వీపునే ఉంది. నోటి వెంట నురగ, కనుపాపలు ఆవగింజల్లా చిన్నవైపోయాయి. పెద్దాసుపత్రికి నలభై నిమిషాల దారి. అతనికి అంత సమయం లేదు.

పున్నమ్మ తన చేతికున్న మొగుడి పట్టీ విప్పింది. అతని చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"ఏం జరిగినా కట్టొద్దని ఒట్టేయించుకున్నాడు," అంది. అంటూనే కట్టబోయింది.

సుభాషిణి ఆమె చెయ్యి ఆపింది. పరీక్షల కోసం తను కట్టుకున్న పట్టీ విప్పి అతని మణికట్టుకి బిగించింది. నిమిషం గడిచింది. పట్టీ ఎర్రబడింది.

వ్యాన్ వచ్చింది. టెక్నీషియన్ తన ట్యాబ్ చూశాడు. సుభాషిణి, స్త్రీ, నలభై రెండేళ్లు. కింద పడున్న మనిషి మీసాల వంక చూశాడు.

"పేషెంట్ ఎవరండీ?"

"పట్టీ నాదే. ముందు ఇంజెక్షన్ ఇవ్వండి."

అతను ఇంకేమీ అడగకుండా మోకాళ్ల మీద కూర్చుని సూది గుచ్చాడు.

నాలుగో రోజు కోటిలింగం లేచి కూర్చుని గంజి తాగాడు. ఆ సాయంత్రం సుభాషిణి నివేదిక రాయడానికి కూర్చుంది. నిజం రాస్తే, ఇంకొకరి చేతికి పనిచెయ్యకుండా కంపెనీ ప్రతి పట్టీకీ వేలిముద్ర తాళం వేస్తుంది. మూడో ఎరుపు పడి పున్నమ్మకి డయాలసిస్ ఆగిపోతుంది. రాయకపోతే ఇంకెవరో ఏదో చేలో పడిపోతారు. మొదటి వాక్యం రెండుసార్లు రాసి కొట్టేసింది.

ఇంతలో ఫోన్‌కి కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది: 'మీ చెమటలో పురుగుమందు కనిపించింది. ఇకనుంచి మీది వ్యవసాయ కుటుంబంగా నమోదైంది. వారంలోగా ప్లాన్ ఎంచుకోండి.'

ఆమె షరతులన్నీ మొదటిసారి చదివింది. అర్థం కాలేదు. పున్నమ్మకి ఫోన్ చేసింది.

"మీ ఇంట్లో జబ్బు మనిషి ఎవరు మేడమ్?" అని అడిగింది పున్నమ్మ.

"అమ్మ. గుండె జబ్బు."

"అయితే పెద్ద ప్లానే తీసుకోవాల. మీకొక ఎరుపు అయిపోయింది. జాగ్రత్త."

మర్నాడు ల్యాబ్‌లో కొత్త పురుగుమందుల శాంపిళ్లు తెరవాలి. బయల్దేరే ముందు సుభాషిణి తన పట్టీ విప్పి, పేపరు చదువుతున్న తల్లి చేతికి కట్టింది.

"నాకెందుకే ఇది?"

"సాయంత్రం దాకా ఉంచమ్మా," అంది సుభాషిణి.