ఏడో గేటు దగ్గర నీళ్ళొదిలేశాను

"ఎవరు మీరు?"

"బేరింగండి."

"మోటారు సంగతి కాదు, మీ సంగతి అడుగుతున్నాను."

"నా సంగతే చెబుతున్నానండి."

కాలువ ఏడో గేటు పక్కనున్న మోటారు గదిలో వాళ్ళిద్దరి మొదటి మాటలివి. అతను గేట్ల మోటార్లు చూసే కాంట్రాక్టు మెకానిక్కు. ఏ మోటారు ఆగినా చెయ్యైనా పెట్టకుండా "బేరింగు పోయింది" అనడం అతని అలవాటు. నూటికి తొంభైసార్లు నిజంగానే బేరింగు పోయి ఉండేది. దాంతో అమ్మానాన్నలు పెట్టిన పేరు కూడా పోయింది.

ఆమె కాలువల ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఇంజనీరు. ఏ గేటు ఎప్పుడెత్తాలన్నా, ఎన్ని అంగుళాలెత్తాలన్నా ఆమె సంతకం పడాల్సిందే. ఆ రోజు అతను గేటు ఎత్తే మరకి గ్రీజు పూసి, సరిగ్గా తిరుగుతోందో లేదో చూద్దామని గేటుని రెండంగుళాలు లేపాడు. సరిగ్గా అప్పుడే ఆమె ఊడిపడింది.

"ఎవరి పర్మిషన్‌తో లేపారు?"

"రెండంగుళాలేనండి."

"రెండంగుళాల సందులోంచి గంటకి ఎన్ని నీళ్ళు పోతాయో తెలుసా?"

"పోతే పొలానికేగా పోయాయి, మీ ఇంటి ట్యాంకులోంచి కాదుగా!"

ఆమె గుడ్లురిమి చూసింది. ఆ ఉరమడంలో కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. దాన్ని వేలితో పైకి తోసి మళ్ళీ ఉరిమింది. బేరింగు పని అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత మూడు నెలల్లో ఏడో గేటు మోటారు తొమ్మిదిసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా ఇద్దరూ అక్కడికి రావాల్సిందే, పోట్లాడుకోవాల్సిందే. ఎనిమిదిసార్లు బేరింగే ఏదో ఒక తీగ లాగి పెట్టాడు. తొమ్మిదోసారి అతనికి ఏ పాపమూ తెలియదు. వచ్చి చూస్తే ఫ్యూజు ఊడి ఉంది, దాని మీద నీలం సిరా వేలిముద్ర ఉంది. ఇంజనీరమ్మ వేళ్ళకి ఎప్పుడూ నీలం సిరాయే.

ఆ వేలిముద్ర ఇచ్చిన ధైర్యంతో సోమవారం పొద్దున్నే అడిగేశాడు.

"ఇంజనీరుగారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె చేతిలో ఉన్న కొలబద్ద కాలువలో పడింది. "పరిశీలిస్తాను" అని, కొట్టుకుపోతున్న కొలబద్ద కోసం గట్టు వెంట పరుగెత్తింది.

శుక్రవారం దాకా ఫోన్ లేదు. మోటారూ ఆగలేదు. బేరింగుకి ముద్ద దిగడం లేదు. ట్రాక్టర్లూ మందు కొట్టే మిషన్లూ అద్దెకిచ్చే వాళ్ళ పిన్నికి షెడ్డులో విషయం చెప్పుకున్నాడు.

"పరిశీలిస్తానందా?" పిన్ని నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, మన షెడ్డు ముందు తూము వెయ్యమని నేను పెట్టిన అర్జీ పదకొండేళ్ళుగా పరిశీలనలోనే ఉంది. అది తీసుకున్న గుమాస్తాకి మనవలు కూడా పుట్టారు!"

"అయితే నా సంగతేంటి పిన్నీ?"

"నీకు బట్టతల వస్తుంది కానీ జవాబు రాదు."

బేరింగు నేరుగా ఏడో గేటు దగ్గరికి పోయి కూలబడ్డాడు. కాసేపు కాలువ వైపు దిగాలుగా చూసి, ఫోన్ తీసి ఆమెకి మెసేజి పెట్టాడు: 'ఏడో గేటు దగ్గరున్నాను. ఇక నీళ్ళొదిలేశాను.' ఆశకి నీళ్ళొదిలేశానని అతని ఏడుపు. 'ఆశకి' అన్న ముక్క రాయడానికి సిగ్గేసి మానేశాడు. ఆ మీదట బాధ ఎక్కువై ఫోన్ ఆపేశాడు.

ఆ మెసేజి ఇంకే ఆడపిల్లకి వెళ్ళినా "అయ్యో పాపం" అనుకునేది. వెళ్ళింది కాలువల ఇంజనీరుకి. నీళ్ళొదలడమంటే ఆమెకి నీళ్ళొదలడమే! ఇంకా నాలుగు రోజులకి గానీ ఎత్తకూడని గేటు. బేరింగుకి చేస్తే ఫోన్ పలకదు. గేటు కాపలా లస్కరుకి ఫోన్ చేసి, "బేరింగు ఏడో గేటు ఎత్తేశాడు, పరుగెత్తు!" అని అరిచింది.

లస్కరు పరుగెత్తాడు. గేటు దగ్గరికి కాదు, తన పొలానికి. దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటూ పరుగెత్తాడు.

పావుగంటలో పిన్ని షెడ్డులో ఒక్క ట్రాక్టరు మిగల్లేదు. విత్తనాల కొట్టు ముందు తోపులాట మొదలైంది. మైకు కట్టిన వ్యానొకటి "నీళ్ళొచ్చేశాయహో!" అంటూ తిరగసాగింది. ఎండిన బోదె కాలువల పక్కన నిలబడి, అందరూ రాని నీళ్ళకి దారి చేస్తున్నారు.

ఇంజనీరమ్మ స్కూటర్ మీద ఏడో గేటు దగ్గరికి వచ్చి పడింది. ఒక కాలికి చెప్పు లేదు.

"నీళ్ళేవి?"

"ఏ నీళ్ళండీ?"

"వదిలేశానన్నారుగా!"

"అవునండి, పూర్తిగా వదిలేశాను."

"గేటు మూసే ఉంది!"

"గేటుకీ దానికీ సంబంధం లేదండి. ఆశకి వదిలాను."

ఆమె ముక్కు చివరికి జారిన కళ్ళజోడుని పైకి తోసింది. "తెలుగు రాయడం చేతకాదా మీకు?" అంది.

"చదవడం మీకు చేతకాదేమో చూసుకోండి."

ఈలోగా ఆమె ఫోన్ మోగింది. ఆఫీసులో ఆమె పై అధికారి, పెద్దసారు. స్పీకరు పెట్టకపోయినా గట్టు మొత్తం వినిపిస్తోంది.

"ఏం తల్లీ, ఉద్యోగం చెయ్యాలని ఉందా, లేదా? నీళ్ళొదిలారని పుకారు లేపిందెవరు?"

బేరింగు ఆమె పక్కకి జరిగాడు. "నా పేరు చెప్పెయ్యండి" అని గుసగుసగా బతిమాలాడు. "పోతే నా కాంట్రాక్టు పోతుంది. మీ ఉద్యోగం పోకూడదు."

"నేనే సార్," అంది ఆమె. "ఒక మెసేజి తప్పుగా చదివాను. అతని తప్పేం లేదు."

"లైన్లో ఉండు. పైవాళ్ళని అడిగి చెబుతాను."

ఫోన్ చెవికి పెట్టుకునే ఆమె బేరింగు వైపు తిరిగింది. "ఔనని రాసి ఆరుసార్లు చెరిపేశాను, తెలుసా? పోట్లాడమంటే మీతో రోజంతా పోట్లాడతాను. ఔననడానికే భయమేసింది."

"భయమెందుకండీ?"

"ఔనన్నాక ఈ మోటారు ఆగడం మానేస్తుందేమోనని."

బేరింగుకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూడు నెలలుగా తను ఒక్కడే పిచ్చివాడిననుకున్నాడు. ఇప్పుడు ఇద్దరయ్యారు. గట్టు మీద ట్రాక్టర్ల మోత దగ్గరవుతుంటే గొంతు పెంచి అడిగాడు:

"పెద్దసారు తిట్టారనో, ఊరు నవ్విందనో నన్ను వదిలెయ్యరు కదా?"

అదే క్షణాన ఫోన్‌లో పెద్దసారు తిరిగొచ్చాడు. "పొలాల్లోకి దిగిన ట్రాక్టర్లని వెనక్కి పంపితే జనం నన్ను పాతేస్తారు. పైవాళ్ళు సరేనన్నారు. వదిలెయ్!"

"వదలను!" అని అరిచింది ఆమె.

"ఏంటీ? పైవాళ్ళే వదలమంటుంటే వదలనంటావా?"

"అయ్యో, నీళ్ళు కాదు సార్, మనిషిని!"

 

"మనిషిని ఎవరు వదలమన్నారమ్మా?" అన్నాడు పెద్దసారు. "గట్టిగా పట్టుకో. రెండో చేత్తో ఆ గేటెత్తు."